డ్రమ్ములో ఏముందో దొర్లించేవాడికి చెప్పండి

తెలంగాణ కార్మిక, ఉపాధి, శిక్షణ, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి,



2023 నవంబర్ 13 సోమవారం, దీపావళి మర్నాడు, పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ అంటుకుంది. మంట మొదలైంది కింద, బళ్ళు నిలిపే చోట. అక్కడ కారు మరమ్మతు చేస్తుండగా లేచిన నిప్పురవ్వ పక్కనే పేర్చిన రసాయన డ్రమ్ములను తాకి ఉంటుందని అధికారులు అప్పుడు చెప్పారు. పొగ మెట్లదారి పట్టుకుని పైకెళ్ళింది. పై అంతస్తుల్లో ఉంటున్న కుటుంబాలవాళ్ళు తొమ్మిది మంది ఆ రోజే చనిపోయారు. మిగతావాళ్ళను అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి కిందికి దించారు. మీరు కూర్చునే శాసనసభకు ఆ చోటు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

ఆ వారమంతా అడగాల్సిన ప్రశ్నలే అడిగారు. ఇళ్ళ మధ్య గోదాము పెట్టుకోనిచ్చింది ఎవరు? ఏ ఆఫీసు కళ్ళు మూసుకుంది? నష్టపరిహారం ఎంత? ఇవన్నీ న్యాయమైనవే. ఒక ప్రశ్న మాత్రం నాకు ఎక్కడా వినబడలేదు. ఆ డ్రమ్ములు తమంతట తాము నడిచి రాలేదు కదా. ట్రాలీ ఆటోలో ఎవరో తెచ్చారు. ఎవరో దించి, పక్కకు వంచి, గోడ దాకా దొర్లించారు. అవసరమైనప్పుడు ఎవరో మూత తిప్పి డబ్బాలోకి వంచారు. లోపలున్నది ఏమిటో, అది ఎప్పుడు కోపగించుకుంటుందో ఆ చేతులకు ఎవరైనా చెప్పారా?

ఆ కేసులో తప్పెవరిదో కోర్టులు తేలుస్తాయి. నేను రాస్తున్నది ఆ ఒక్క భవనం గురించి కాదు. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ జీపీఓ దాకా, అక్కణ్ణుంచి ట్రూప్ బజార్ మీదుగా కోఠీ వైపు నడిచి చూస్తే, ఫ్యాక్టరీ అన్న పేరు లేకుండానే రసాయనాలతో పొట్ట పోసుకునేవాళ్ళు గల్లీ గల్లీలో ఉన్నారు. వాళ్ళకు చెప్పవలసింది చెప్పే ఏర్పాటు ఈ నగరంలో లేదు. అది మీ శాఖ చెయ్యాల్సిన పని అని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు ఆ రెజిన్ సంగతి. బజార్‌ఘాట్ డ్రమ్ముల్లో ఉన్నది పాలియెస్టర్ రెజిన్ అని వార్తలొచ్చాయి. ఫైబర్ పనివాళ్ళకు రోజూ చేతికంటే చిక్కటి జిగురు అది. కార్ల బంపర్లు, బాత్‌టబ్బులు, బట్టల దుకాణాల ముందు నిలబెట్టే బొమ్మలు, విగ్రహాల అచ్చులు దాంతోనే చేస్తారు. సాధారణంగా అందులో మూడో వంతుకు పైగా స్టైరీన్ ఉంటుంది. స్టైరీన్ తెలుగువాళ్ళకు కొత్త పేరు కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురం వీధుల్లో మనుషుల్ని నిలబడ్డచోటే పడేసింది అదే. పన్నెండు మంది పోయారు. కొన్నాళ్ళ పాటు ఆ పేరు ప్రతి టీవీలోనూ మోగింది. ఆ పదార్థమే రెజిన్ అన్న పేరుతో మన గల్లీల్లో తిరుగుతోందని ఫైబర్ షాపులో పనిచేసే కుర్రాడికి ఎవరు చెప్పారు?

స్టైరీన్ ఆవిరికి నిప్పు అంటుకోవడానికి ద్రవం వేడి దాదాపు 31 డిగ్రీలుంటే చాలు. రసాయనాల కాగితాల మీద దీన్నే ఫ్లాష్ పాయింట్ అని రాస్తారు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు 40 దాటుతాయి. రేకుల షెడ్డు కింద అంతకంటే ఎక్కువే. అంటే జనవరి పొద్దున ఏమీ అనని డ్రమ్ము ఏప్రిల్ మధ్యాహ్నం మూత తెరిస్తే వేరే సరుకు. పైగా ఆ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు మించి బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది. పల్లం వెతుక్కుని సెల్లారులోకి జారుతుంది. డ్రమ్ముకు దూరంగానే వెల్డింగ్ చేస్తున్నామని ధీమాగా ఉన్నవాడి కాళ్ళ కిందికే వస్తుంది. ఇదంతా అర్థం కావడానికి డిగ్రీ అక్కర్లేదు. తెలిసినవాడు నోరు విప్పాలి, అంతే.

రెజిన్ ఒక్కటే అయితే తొందరగా గడ్డకట్టదు. దానికి రెండు సీసాలు కావాలి. ఊదారంగులో ఉండేదాన్ని పనివాళ్ళు కోబాల్ట్ అంటారు, నీళ్ళలా ఉండేదాన్ని హార్డనర్ అంటారు. ఈ రెండోది మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్ పొయ్యాలి. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలుడే. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. ఆ క్షణమే కుళాయి కింద కన్ను తెరిచి పెట్టి పదిహేను నిమిషాలు కడుగుతూనే ఉండాలి. ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాక కడిగితే ఆలస్యమైపోయినట్టే. కలిపే వరస సంగతి ఉస్తాద్‌కు తెలుసు, ఎప్పుడో ఎక్కడో చూసి ఉంటాడు. కంటి సంగతి ఆయనకూ తెలియకపోవచ్చు. నిన్న పనిలో చేరిన కుర్రాడికి రెండూ తెలియవు. సాయంత్రం మగ్గులో మిగిలిపోయిన రెజిన్ తనంతట తాను వేడెక్కి పొగలు కక్కుతుందని, దాన్ని చెత్త కాగితాల మధ్య పారెయ్యకూడదని కూడా తెలియదు. వీటిలో ఏదీ రహస్యం కాదు. తయారుచేసే కంపెనీ కాగితంలో అన్నీ ఉంటాయి. ఆ కాగితం బిల్లుతో పాటు సేఠ్ గల్లా దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది.

ఇక మిగతా వీధులు. జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు విప్పే కుర్రాళ్ళ బల్లల మీద చూడండి. టంకం వేస్తుంటే లేచే పొగలో ఉండే రోజనం ఏళ్ళ తరబడి పీలిస్తే ఉబ్బసం తెస్తుందని వైద్యులకు చాలా కాలంగా తెలుసు. బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 12 డిగ్రీలకే నిప్పందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. టంకం కడ్డీ వేడి ఎంతో మీకు తెలుసు. రెండింటి మధ్య దూరం ఒక జానెడు. స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్ళకు, పెయింటర్లకు థిన్నర్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటాం. అందులో ఎక్కువగా ఉండే టోలీన్ నాలుగు డిగ్రీలకే అంటుకుంటుందన్నదీ, తలుపులేసుకున్న గదిలో తల దిమ్మెక్కడం మెదడు మీద దెబ్బ అన్నదీ వాళ్ళకు ఎవరు చెప్పారు? వాసన తగ్గిందంటే గదిలో ఆవిరి తగ్గినట్టు కాదు, ముక్కు అలిసిపోయినట్టు. అది కూడా చెప్పాల్సిన సంగతే.

బంగారం దుకాణాల బోర్డుల మీద కేడీఎం అని పెద్ద అక్షరాలతో రాసుకునే రోజులు గుర్తున్నాయి కదా. కొనేవాళ్ళకు అది స్వచ్ఛతకు హామీ. టంకంలో కాడ్మియం వాడామని దానర్థం. కాడ్మియం పొగ ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. నగ కొనే మనిషికి అందరికీ కనబడేంత పెద్ద బోర్డు పెట్టారు, ఆ పొగలో కూర్చుని పనిచేసే స్వర్ణకారుడికి మాత్రం చిన్న చీటీ కూడా పెట్టలేదు. హాల్‌మార్కింగ్ వచ్చాక కాడ్మియం పక్కకు తప్పుకుంది. ఆ మార్పులో పనివాడి ఊపిరితిత్తులకు కలిగిన మేలు ఉంటే ఉండొచ్చు గానీ, అది కొనుగోలుదారు కోసం చేసిన ఏర్పాటుకు పక్కన రాలిన ఫలమే.

అబిడ్స్ హోటళ్ళలో, మాల్స్‌లో, ఆసుపత్రుల్లో మరుగుదొడ్లు కడిగే ఆడవాళ్ళ సంగతి అన్నిటికంటే నన్ను తొలుస్తుంది. వాళ్ళ బకెట్ పక్కన యాసిడ్ సీసా, బ్లీచింగ్ పొడి పక్కపక్కనే ఉంటాయి. మరక పోలేదని దాని మీద ఇది పోస్తే లేచేది క్లోరిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని సైనికుల మీదికి వదిలిన వాయువు. కిటికీ లేని చిన్న గదిలో అది వెలువడితే దగ్గుకుంటూ బయటికి పరుగెత్తడమే. ఆసుపత్రుల్లో హైపో అని పిలిచే ద్రావణానికీ ఇదే వర్తిస్తుంది. ఆ రెండూ కలపకూడదని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? అయినా చెప్పరు. ఎందుకంటే ఆమె ఆ ఆసుపత్రి ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టరుకు కావలసింది హాజరు పట్టీ. ఆసుపత్రికి కావలసింది మెరిసే నేల. మధ్యలో ఆమెకు ఏం తెలిసిందో అడిగేవాళ్ళు లేరు.

వీటన్నిటిలోనూ ప్రమాదకరమైన వస్తువు ఏదని అడిగితే నేను డ్రమ్మును చూపించను. డ్రమ్ము మీద కనీసం ఏదో ఒక అచ్చు ఉంటుంది. అసలు ప్రమాదం ఖాళీ నీళ్ళ సీసా. పెద్ద డబ్బాలోంచి లీటరు సీసాలోకి, అందులోంచి అరలీటరు కూల్‌డ్రింక్ సీసాలోకి సరుకు చేతులు మారుతుంది. ప్రతి మార్పులోనూ పేరు కొంత రాలిపోతుంది. చివరికి పనివాడి చేతికొచ్చేది రంగు, వాసన మాత్రమే. దాహమేసిన ఎవరో ఆ సీసా ఎత్తితే ఏమవుతుందో ప్రతి ఆసుపత్రి అత్యవసర విభాగంలోనూ తెలుసు. ఆ వచ్చిన మనిషి తాగింది ఏమిటో తెలియక డాక్టరు చేతులు కట్టేసినట్టవుతుంది.

తెలియకపోవడం ఎంత ఖరీదైనదో భోపాల్ నలభై ఏళ్ళ కిందటే చూపించింది. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక మనుషులు వేలల్లో ఆసుపత్రికి వస్తుంటే, పీల్చినదేమిటో, దానికి విరుగుడేమిటో డాక్టర్లకు సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. ఆ దెబ్బకే 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 4-ఏ అధ్యాయం చేర్చారు. 41-బి సెక్షన్ ప్రకారం ప్రమాదకర ప్రక్రియలు జరిగే ఫ్యాక్టరీ యజమాని ఆ ప్రమాదాలేమిటో పనివాళ్ళకు, అధికారులకు, చుట్టుపక్కల జనానికి చెప్పి తీరాల్సి ఉండేది. 41-హెచ్ ముంచుకొస్తున్న ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు పనివాళ్ళకిచ్చింది. 111-ఏ ఆరోగ్యం, భద్రత గురించిన సమాచారం అడిగి తీసుకునే హక్కిచ్చింది. మంచి చట్టమే. అయితే ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే కరెంటు వాడేచోట పది మంది, వాడనిచోట ఇరవై మంది పనివాళ్ళు ఉండాల్సి వచ్చేది. బజార్‌ఘాట్‌లాంటి చోట్ల ఒక్కో షట్టరు వెనక ముగ్గురో నలుగురో ఉంటారు. నలుగురికి పేలే డ్రమ్ము పది మందికి పేలే డ్రమ్ము కంటే మెత్తగా పేలదు కదా.

2025 నవంబర్ 21న కేంద్రం కొత్త కార్మిక కోడ్లను అమల్లోకి తెచ్చింది. వాటిలో వృత్తి భద్రతా కోడ్ ఆ లెక్కను ఇరవైకీ నలభైకీ పెంచింది. కన్ను పడాల్సిన చోటు నుంచి చట్టం ఇంకొక అడుగు వెనక్కి జరిగిందన్న మాట. ప్రాణాపాయమున్న పనుల్లో ఒక్క మనిషి ఉన్నా కోడ్ వర్తించేలా నోటిఫై చేసే అధికారం కేంద్రానికి అందులో ఉంది. మీరు ఢిల్లీకి వెళ్ళినప్పుడు ఆ నోటిఫికేషన్ అడగండి. రెజిన్, థిన్నర్, పెరాక్సైడ్, ఆమ్లాలు నిల్వచేసే, వంచే చోట్లన్నీ అందులో చేర్చమనండి.

అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. 1989లో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలున్నాయి. లేబర్ కోడ్లు వాటిని తాకలేదు. 17వ నిబంధన ప్రకారం ప్రమాదకర రసాయనమున్న ప్రతి పాత్ర మీద లోపలున్నదేమిటో, తయారుచేసినవాళ్ళ చిరునామా ఏమిటో, దాని స్వభావమూ విషగుణమూ ఏమిటో స్పష్టంగా రాసి ఉండాలి. భద్రతా సమాచార పత్రం సిద్ధంగా ఉండాలి. దీన్ని అమలుచేసేవాళ్ళలో ముఖ్యులు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్, అంటే మీ శాఖవారే. అబిడ్స్‌లో ఎన్ని పాత్రల మీద ఆ నిబంధన కనిపిస్తుందో మీవాళ్ళను ఒకసారి నడిచి చూడమనండి. కారులో కాదు, నడిచి.

లేబుల్ ఉన్నచోట మాత్రం ఏమవుతోంది? అది ఇంగ్లీషులో ఉంటుంది. భద్రతా సమాచార పత్రంలో పదహారు భాగాలుంటాయి, అదీ ఇంగ్లీషే. సేఫ్టీ ఆఫీసరు చదవడానికి రాసింది అది. ముగ్గురు మనుషుల షాపులో సేఫ్టీ ఆఫీసరుండడు. ఐక్యరాజ్యసమితి రూపొందించిన ఎర్ర అంచు డైమండు గుర్తులు తొమ్మిది ఉన్నాయి. మంట, పుర్రె లాంటివి ఎవరికైనా తెలుస్తాయి. అన్నీ అలా కావు. దీర్ఘకాలంలో ఊపిరితిత్తులకో మూత్రపిండాలకో హాని, క్యాన్సర్ ముప్పు అని చెప్పడానికి ఛాతీలో నక్షత్రం మెరిసే మనిషి బొమ్మ వేశారు. గుండె చీల్చి సీతారాముల్ని చూపించే హనుమంతుడి క్యాలెండరు కింద పెరిగిన మనవాళ్ళకు అది దీవెనలా కనబడుతుందే తప్ప హెచ్చరికలా కాదు. బొమ్మ పెట్టగానే చెప్పేసినట్టు కాదు. ఆ బొమ్మ ఏమంటోందో ముందు ఎవరో ఒకరు నోటితో చెప్పాలి.

నాంపల్లిలో ఏ భాషలో చెప్పాలన్నది మామూలు ప్రశ్న కాదు. ఉస్తాద్ దక్కనీ మాట్లాడతాడు. ఉర్దూ లిపి చదవగలడో లేదో చెప్పలేం. హమాలీ మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన తెలుగువాడు. కొత్త కుర్రాడిది బిహారో ఒడిశానో. 2022 మార్చి 23న భోయిగూడ స్క్రాప్ గోదాములో కాలిపోయిన పదకొండు మందీ బిహార్ నుంచి వచ్చినవాళ్ళే. తెలుగు, ఉర్దూ, హిందీ మూడింటిలోనూ రాయించండి, తప్పదు. రాసినదాని మీదే ఆధారపడకండి. నేను గొంతును ఎక్కువ నమ్ముతాను. ప్రతి ఫోనులోనూ వాట్సాప్ ఉంది. రెండు నిమిషాల ఆడియో, వాళ్ళ యాసలో, వాళ్ళు వాడే పేర్లతో. "పెరాక్సైడ్ సమ్మేళనాలు" అని మొదలుపెడితే ఎవడూ వినడు. "హార్డనర్ సీసా, కోబాల్ట్ సీసా ఒకే మగ్గులో పొయ్యొద్దు" అని మొదలుపెట్టాలి.

చెప్పకపోతే ఖాళీగా ఉండదండీ, తప్పుడు మాట వచ్చి కూర్చుంటుంది. దుమ్ములో పనిచేసేవాళ్ళు బెల్లం తింటే ఊపిరితిత్తులు శుభ్రపడతాయని మన దగ్గర ఎంత గట్టిగా నమ్ముతారో మీకు తెలుసు. పెయింటర్లకు అరటిపళ్ళు, యాసిడ్ దగ్గర పనిచేసేవాళ్ళకు పాలు. ఇచ్చే యజమానులు మంచి మనసుతోనే ఇస్తారు. బెల్లం కడుపులోకి పోతుంది, థిన్నర్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ దారులు వేరు. పాల గ్లాసు తాగి మాస్కు తీసేసినవాడికి ఆ గ్లాసు మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. మంచి బలం కోసం ఇవ్వండి, రక్షణ అని మాత్రం చెప్పకండి.

విషం అని తెలిసినవాటి గురించే ఇన్నాళ్ళూ మాట్లాడాం. విషం కానివి కూడా చంపుతాయని 2025 జూన్ 30న పాశమైలారం చూపించింది. సిగాచి ఫ్యాక్టరీలో తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, మనం మింగే మాత్రలకు గట్టిదనమిచ్చే తెల్లటి పొడి. చెట్ల గుజ్జు నుంచి వచ్చేది. చేతిలో వేసుకుంటే ఏమీ కాదు, నాలుక మీద వేసుకున్నా ఏమీ కాదు. ఆ పొడి గాలిలో దట్టంగా లేచి నిప్పు తగిలితే మాత్రం బాంబే. ధూళి పేలుడే జరిగి ఉంటుందని అనుమానించారు. 46 మంది మృతిని నిర్ధారించారు, మరో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. వాళ్ళలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి బతుకు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. తెల్లపొడి పేలుతుందని ఎన్ని ఫ్యాక్టరీల్లో ఊడ్చే మనిషికి చెబుతారు? పిండిమరలకూ, చక్కెర గోదాములకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

వ్యాపారులు ఒప్పుకోరని మీకు ఎవరైనా చెబుతారు. ప్రమాదమని రాసి పెడితే పనివాళ్ళు పారిపోతారని, లేదా కూలి పెంచమంటారని వాళ్ళ భయం. పెంచమంటే తప్పేమిటో నాకు అర్థం కాదు. అయినా నేను చూసినంతలో పనివాళ్ళు భయపడి పారిపోయేవాళ్ళు కాదు. నిచ్చెన ఎక్కేవాడికి ఎత్తు తెలుసు, అయినా ఎక్కుతాడు, కాకపోతే కింద ఒకణ్ణి పట్టుకోమంటాడు. తెలియడం వల్ల జరిగేది అదే. నిజానికి సేఠ్‌లకే దీనివల్ల ఎక్కువ లాభం. బూడిదైన గోదాముకు బీమా కంపెనీ వేసే మొదటి ప్రశ్న నిల్వ వివరాలు.

సిబ్బంది లేరని మీ అధికారులంటారు. అదీ నిజమే కావచ్చు. వేల షట్టర్లు తిరిగి చూడ్డానికి ఇన్‌స్పెక్టర్లు ఎప్పటికీ చాలరు. అందుకే పైనుంచి పట్టుకోమంటున్నాను. నగరంలోకి ఈ సరుకు కొద్దిమంది హోల్‌సేల్ డీలర్ల ద్వారానే వస్తుంది. పెద్ద డబ్బా నుంచి చిన్న సీసాలోకి వంచి అమ్మే ప్రతి దుకాణమూ ఆ చిన్న సీసాకు కూడా చీటీ అంటించాలనీ, చీటీ లేని సీసా అమ్మితే డీలర్ లైసెన్సు మీదికి వస్తుందనీ చెప్పండి. చీటీలు మీరే అచ్చువేసి ఇవ్వండి. ఈ వీధుల్లో ఎక్కువగా తిరిగే రసాయనాలు ముప్పై నలభైకి మించవు. ఒక్కోదానికి ఒక చీటీ. వీధిలో పిలిచే పేరు, మంట ప్రమాదమా, కంటి ప్రమాదమా, దేనితో కలపకూడదు, ఒంటి మీద పడితే ఏం చెయ్యాలి, అంటుకుంటే నీళ్ళు పొయ్యొచ్చా వద్దా. థిన్నర్ మంట మీద నీళ్ళు పోస్తే అది నీళ్ళ పైన తేలుతూ మంటను ఇంకా పక్కలకు మోసుకుపోతుంది. ఇసుకో పొడి సిలిండరో కావాలి. ఆ ఒక్క వాక్యం ఎన్ని గోడల మీద ఉండాలో ఆలోచించండి. చీటీలు రాయడానికి మీకు కన్సల్టెంట్లు అక్కర్లేదు. నిజాం కాలేజీ కెమిస్ట్రీ విద్యార్థులను, ఇరవై ఏళ్ళుగా చేతులు కాల్చుకున్న ఇద్దరు ఉస్తాద్‌లను ఒక గదిలో కూర్చోబెడితే నెలలో అవుతుంది.

అమెరికాలో కూడా ఈ చెప్పే ఏర్పాటు వాషింగ్టన్‌లో మొదలవలేదు. 1981లో ఫిలడెల్ఫియా నగరం తన కార్మికులకూ పౌరులకూ రసాయనాల గురించి తెలుసుకునే హక్కునిచ్చే చట్టం చేసింది. పెద్ద దేశానికి ఒకే నిబంధన 1983లో వచ్చింది. నగరాలు ముందు నడవొచ్చు. హైదరాబాద్ కూడా నడవొచ్చు.

డ్రమ్ములు నిల్వ ఉన్న ప్రతి భవనం గేటు దగ్గర లోపల ఏమేముందో ఒక బోర్డు పెట్టించండి. పనివాళ్ళ కోసం, పై అంతస్తుల వాళ్ళ కోసం, ముఖ్యంగా గొట్టం పట్టుకుని లోపలికి దూకే అగ్నిమాపక సిబ్బంది కోసం. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రూబీ హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు అంటుకుని పై గదుల్లోని ఎనిమిది మంది పొగకు పోయారు. కింద ఏముందో తెలిసి ఎవరైనా ఆ గదుల్లో దిగేవాళ్ళా? రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల రెడ్ హిల్స్‌లో ఉంది, బజార్‌ఘాట్‌కు పక్కనే. కాలిపోయాక డ్రమ్ములో ఏముండేదో కనిపెట్టే శాస్త్రం మన దగ్గర నాలుగు అడుగుల దూరంలో ఉంది. కాలకముందు అదే సంగతి రాసి పెట్టడానికి ఒక మార్కర్ పెన్ను చాలు.

చివరిగా ఒక చిన్న మార్పు అడుగుతున్నాను. బడ్జెట్ అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. మీ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వెళ్ళినప్పుడు నింపే ఫారంలో లైసెన్సు ఉందా, రిజిస్టరు ఉందా, మంటలార్పే సిలిండర్ ఉందా అని గడులుంటాయి. అన్నీ యజమానిని అడిగే గడులే. ఇంకొక గడి చేర్చండి. తనిఖీకి వెళ్ళిన మనిషి యజమానిని బయట నిలబెట్టి, అందరికంటే కొత్తగా చేరిన పనివాణ్ణో పనిమనిషినో పక్కకు పిలిచి, అక్కడున్న ఒక సీసా చేతికిచ్చి మూడు ప్రశ్నలు అడగాలి. ఇదేమిటి? కంట్లో పడితే ఏం చేస్తావు? అంటుకుంటే ఏం చేస్తావు? అతను చెప్పిన జవాబును చెప్పినట్టే, అతని మాటల్లోనే ఆ గడిలో రాయాలి. "తెలియదు సార్" అంటే "తెలియదు సార్" అనే రాయాలి. ఆ గడిలో అలా రాసిన షాపుకు నెల గడువిచ్చి మళ్ళీ వెళ్ళి అదే మనిషిని అవే ప్రశ్నలు అడగాలి. చెప్పగలిగితే తనిఖీ పూర్తయినట్టు. లేకపోతే జరిమానా పనివాడికి కాదు, సేఠ్‌కు.

మార్చిలోపు ఆ ఫారం మార్చగలిగితే ఏప్రిల్ ఎండలు మొదలయ్యేసరికి మొదటి తనిఖీలు బజార్‌ఘాట్ నుంచే మొదలుపెట్టండి. మీరు కూడా ఒకసారి వెళ్ళండి. ఆ మూడు ప్రశ్నలు మీరే అడగండి. వచ్చిన జవాబులు శాసనసభలో చదివి వినిపించండి.

భవదీయుడు,
నాంపల్లి పౌరుడొకడు